రెండో చరణంలో నేను

నేను సినిమాలో నటించానన్న సంగతి మా ఇంట్లో ఏటా ఒక్కసారి, జనవరి ఒకటో తారీఖున, గుర్తుకొస్తుంది. గుర్తు చేసేది నేను కాదు, మా వారు. కొత్త క్యాలెండరు మేకుకి తగిలించి, పాతది చుట్టి అటకెక్కించి, శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చినవాళ్ళకి కేకు ముక్క, పక్కన ఇంత కారప్పూస పెట్టించి, "మా ఆవిడ ఒకప్పుడు సినిమా నటి, తెలుసాండీ?" అంటారు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఇరవై నాలుగేళ్ళుగా నవ్వుతున్నాను. క్యాలెండరు మార్చడంలాగే ఇదీ మా ఇంటి ఆచారమైపోయింది.

మా వారు శ్రీనివాసరావుగారు భూగర్భ జలాల శాఖలో పనిచేస్తారు. మూడువందల అడుగుల లోతున నీళ్ళున్నాయని యంత్రం చెబితే నమ్ముతారు. మూడడుగుల దూరంలో నిలబడి భార్య చెబితే నమ్మరు.

జరిగిందేమిటంటే, నేను రాజమండ్రిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతుండగా 'ఆఖరి బస్సు అంబాజీపేట' షూటింగుకి గోదావరి గట్టు మీదికి వచ్చారు. బస్సు నిండా అమ్మాయిలు కావాలన్నారు. మా కాలేజీ నుంచి ఇరవైమందిమి వెళ్ళాం, ఇళ్ళలో స్పెషల్ క్లాసులని చెప్పి. హీరో బస్సు పైన పాడతాడు, మేం కిటికీల్లోంచి చేతులూపాలి. రెండు రోజులు ఊపాం. రెండువేల ఒకటి జనవరిలో, మొదటి శుక్రవారం, సినిమా విడుదలైంది. మూడుసార్లు చూశాను. రెండో చరణం మొదట్లో బస్సు గట్టు మలుపు తిరుగుతుంది. డ్రైవరు వైపు నుంచి మూడో కిటికీ. నెమలికంఠం రంగు ఓణీ. మూడు క్షణాలు. అది నేను.

వేసవిలో పెళ్ళిచూపులు. ఆయన అక్కగారు, కాకినాడ వదినగారు, "హాబీలేమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగారు. కుట్లు అల్లికలు అనమని మా అమ్మ నేర్పించి కూర్చోబెట్టింది. నేను, "సినిమాలో నటించానండీ" అన్నాను. మా అత్తగారి చేతిలో కాఫీ గ్లాసు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మా నాన్న గోడ మీద గడియారం చూడటం మొదలుపెట్టారు. అప్పుడు పెళ్ళికొడుకు గట్టిగా నవ్వి, "జోక్ చేస్తోందమ్మా, సరదా మనిషి" అన్నారు. అందరూ ఊపిరి పీల్చుకుని నవ్వారు. సంబంధం కుదిరింది. ఆ విధంగా నేను నటించలేదన్న పునాది మీద మా సంసారం నిలబడింది. పునాది కదపడం ఎవరికి మాత్రం ఇష్టం?

కదుపుదామన్నా సాక్ష్యం లేదు. పెళ్ళయ్యేసరికి సినిమా హాళ్ళు వదిలిపోయింది. టీవీలో వేసినప్పుడల్లా రెండో చరణం కోసేసి సబ్బుల ప్రకటన వేస్తారు. ఇంటర్నెట్‌లో దొరికే ప్రింటులో చరణం ఉంది గానీ, సరిగ్గా మూడో కిటికీ మీద ఆ ఛానెల్ వాడి గుర్తు, గుండ్రంగా, ఎర్రగా, నా మొహమంత. మా అమ్మాయి రసజ్ఞ ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, "అమ్మా, చెయ్యి ఒకటి కనిపిస్తోంది. నీదే అనుకుంటా" అంది. రాయదుర్గంలో పన్నెండో అంతస్తులో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టే ఉద్యోగం దానిది. అనుమానంతో బతకడం అలవాటే.

ఈ ఏడాది మాత్రం మా వారు ఆ మాట ఇంట్లో అనలేదు. కొండాపూర్‌లోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ముగ్గుల పోటీ బహుమతులిచ్చాక, మైకులో అన్నారు. నూటయాభైమంది నవ్వారు. ముగ్గులో నాకు మూడో బహుమతి రావడం వల్ల నేనప్పటికే ప్రసన్నంగా లేను.

నవ్వనివాడు ఒక్కడే, నాలుగో అంతస్తు సురేంద్ర. కడప నుంచి వచ్చి ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. నలభై ఆరేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఆ హీరో పుట్టినరోజుకి ఇప్పటికీ గుండు చేయించుకుంటాడు.

"అక్కా! బస్సు పాటలో నువ్వుండావా? ఆ సినిమా నేను పద్నాలుగు సార్లు చూసినా గదక్కా!"

"మరి నన్ను చూడలేదా?"

"బస్సు పైన మా అన్న ఉంటే కిటికీలు ఎవరు చూస్తారక్కా!" అని, చటుక్కున మైకు లాక్కున్నాడు. "అందరూ ఇనండి! ఆ సినిమాకి ఇరవై ఐదేళ్ళు. ఈ ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి బాలానగర్‌లో మళ్ళీ ఏస్తాండారు. గీతలన్నీ తీసేసి కొత్తగా కడిగిన బొమ్మ. ఒక్క ముక్క గూడా కోయలేదంట. అక్క ఉండేదీ లేనిదీ ఆడే తేల్చుకుందాం!"

సంక్రాంతికి కొత్త సినిమాలు దిగేలోగా హాళ్ళు ఖాళీగా ఉంటాయి కాబట్టి, జనవరి మొదటివారంలో ఇలా పాత సినిమాలకి పుట్టినరోజులు చేస్తున్నారు ఈమధ్య. నేను మైకు అందుకున్నాను.

"ఏవండీ, పందెం. నేను తెర మీద లేకపోతే, వచ్చే ఏడాది నుంచి ఆ జోకు నేనే చెబుతాను. ఉంటే, మీరు అక్కడికక్కడే కాకినాడ వదినగారికి ఫోన్ చేసి, పెళ్ళిచూపుల్లో నేను చెప్పింది నిజమని ఒప్పుకోవాలి."

"అక్కకా?" అన్నారాయన. నీళ్ళ కోసం తవ్వితే రాయి తగిలినట్టు అయింది ఆయన మొహం. కానీ నూటయాభైమంది చూస్తున్నారు. "సరే" అన్నారు.

మర్నాటి నుంచి మా సెల్లార్ కార్ఖానా అయిపోయింది. ఇలాంటి ఆటలకి చిత్తుకాగితాలు పట్టుకెళ్ళి, పాట రాగానే గాల్లోకి ఎగరెయ్యడం రివాజు. మాల్స్‌లో ఒప్పుకోరు, తెర ఒక్కటే ఉన్న పాత హాళ్ళలో ఒప్పుకుంటారు. అందుకే బాలానగర్. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళందరం కూర్చుని పాత పేపర్లు చింపాం. మా వారు పేపర్లు తారీఖు వరసలో కట్టలు కడతారు. అవి ముట్టుకోవద్దన్నారు. రసజ్ఞ కోసం దాచిన పెళ్ళిసంబంధాల పేజీలు మాత్రం బీరువాలో విడిగా ఉన్నాయి. రసజ్ఞ ముందుగా అవే తెచ్చి చింపింది, చాలా శ్రద్ధగా.

వాచ్‌మన్ మల్లయ్య వచ్చి నిలబడ్డాడు. "ఏంది మేడం, గింతగనం చింపుతున్రు? ఊడ్చుడు నాకే వస్తది."

"ఇక్కడ కాదు మల్లయ్యా, హాల్లో ఎగరేస్తాం. నువ్వూ రా. టికెట్ నేను తీస్తా."

"అట్లనా!" అని గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. అందరికంటే వేగంగా అతనే చింపాడు. శనివారం సాయంత్రానికి ఆరు బియ్యం సంచులు నిండాయి. నేను అందరినీ నిలబెట్టి ఉత్తర్వు జారీ చేశాను: "మొదటి పాటకి వృథా చెయ్యొద్దు. బస్సు పాట, రెండో చరణం. బస్సు మలుపు తిరగ్గానే ఆరు సంచులూ ఒక్కసారి ఎగరాలి. అర్థమైందా?"

అర్థమైందన్నారు. ఈ ఉత్తర్వులో ఉన్న లోపం అప్పుడు ఒక్కళ్ళకీ తట్టలేదు. డిగ్రీ చదివిన నాకూ తట్టలేదు.

ఆదివారం పొద్దున్నే ధనుర్మాసం పొంగలి గుడి నుంచి తెచ్చి అందరికీ తలో గరిటె పెట్టి, రాయదుర్గంలో మెట్రో ఎక్కడానికి బయల్దేరాం. నేను నెమలికంఠం రంగు చీర కట్టుకున్నాను, గుర్తుపట్టడానికి సౌకర్యంగా ఉంటుందని. స్టేషన్లో తనిఖీ చేసే అమ్మాయి మా సంచి మూతి విప్పింది.

"ఏందమ్మా గిది?"

"కాగితాలు."

"గది కనవడ్తనే ఉంది. ఎందుకు?"

"బాలానగర్‌లో 'ఆఖరి బస్సు' వేస్తున్నారు. నేనున్నాను అందులో."

ఆ అమ్మాయి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "బస్సు పాట ఉంటది, గా సినిమానే గదా? మా అమ్మ వంట చేసుకుంట మస్తు పాడ్తది. పోండి, పోండి" అని ఆరు సంచులూ వదిలేసింది. మా వారు వెనకాల నిలబడి, తనకి నాతోనూ ఆ సంచులతోనూ ఏ సంబంధమూ లేనట్టు మెట్రో పటం చదువుతున్నారు.

హాలు దగ్గర ఇసుకేస్తే రాలనంత జనం. పొద్దున్నే డప్పులు. హీరో నిలువెత్తు బొమ్మకి పాలాభిషేకం. ఆ సినిమా వచ్చేనాటికి పుట్టనివాళ్ళు కూడా మాటలు వరసగా అప్పజెబుతున్నారు. సురేంద్ర చొక్కా విప్పి లోపలి బనీను చూపించాడు, దాని మీద బస్సు బొమ్మ. పరీక్ష ఫలితాల రోజున నోటీసు బోర్డు దగ్గర కూడా నేనింత గాభరా పడలేదు. కోసెయ్యలేదంటున్నారు సరే, నా ముక్క మాత్రం కోసి ఉంటే? ఏడాదికి ఒకసారి చొప్పున, బతికినన్నాళ్ళూ, కేకు ముక్కా కారప్పూసా పెట్టి "నేను జోక్ చేశానండీ" అని నా నోటితో నేనే చెప్పుకోవాలి.

సినిమా మొదలైంది. మొదటి పాటకి మావాళ్ళు బిగబట్టుకుని కూర్చున్నారు. సంచుల మూతులు విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. బస్సు పాట వచ్చింది. పల్లవి, మొదటి చరణం. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

"చూడండి. మూడో కిటికీ. రెప్ప వెయ్యకండి."

"వెయ్యను."

బస్సు గట్టెక్కింది. మలుపు తిరిగింది.

"ఏయండ్రా!" అని సురేంద్ర అరిచాడు.

ఆరు సంచులు, రెండు రోజుల శ్రమ, ఒక్కసారి గాల్లోకి లేచాయి. గోదావరి లేదు, గట్టు లేదు, బస్సు లేదు. తెరంతా తెల్లటి తుఫాను. ముందు వరసలవాళ్ళు కుర్చీలెక్కి ఊగుతున్నారు. ఒక కాగితం ముక్క సరాసరి వచ్చి నా కళ్ళద్దాల మీద వాలింది. 'అందమైన, సంప్రదాయ కుటుంబానికి చెందిన' అని ఉంది దాని మీద. అది తీసేసరికి పాట మూడో చరణంలో ఉంది.

నేను చింపించిన కాగితాలు, నేను చెప్పిన క్షణానికి, నన్నే కప్పేశాయి.

"మేడం, చెప్పినట్టే ఏసినం!" అన్నాడు మల్లయ్య, మెచ్చుకుంటానని.

"కనిపించలేదే" అన్నారు మా వారు. పాపం, వెక్కిరించలేదు. నిజంగానే రెప్ప వెయ్యకుండా చూశారు. ఆ మాట మెత్తగా అనడమే నాకు ఇంకా మంట పుట్టించింది. రసజ్ఞ నా చెయ్యి నిమిరింది. "పోనీలే అమ్మా, ఓటీటీలో వస్తుందేమో."

ఓటీటీలో వస్తుందేమోనని ఎదురుచూడటానికి కాదు నేను పొద్దున నాలుగింటికి లేచి తలంటుకున్నది. లేచి నిలబడ్డాను. మూడో అంతస్తు నుంచి కేకేసి, వీధి చివరికెళ్ళిపోయిన కూరగాయల బండిని వెనక్కి రప్పించగల గొంతు నాది. దాన్ని ఇన్నేళ్ళూ వంకాయల కోసం వాడుకున్నాను.

"వన్స్ మోర్!"

హాలు ఒక్క క్షణం నా వైపు తిరిగింది. తరవాత సురేంద్ర అందుకున్నాడు. తరవాత మల్లయ్య ఈల వేశాడు, చెవులు గింగురుమనేట్టు. ఆ తరవాత ఎవరు అందుకున్నారో తెలియదు, అయిదారువందలమంది, కుర్చీలు గుద్దుతూ, "వన్స్ మోర్! వన్స్ మోర్!" బొమ్మ ఆగింది. లైట్లు వెలిగాయి. పై గది కిటికీలోంచి ఆపరేటరు చెయ్యి బయటపెట్టి, 'వేస్తున్నా, ఆగండి' అన్నట్టు ఊపాడు.

అప్పుడు చూశాను. కుర్రాళ్ళందరూ వంగి, నేల మీది కాగితాలు దోసిళ్ళతో ఎత్తుకుంటున్నారు. మళ్ళీ ఎగరెయ్యడానికి!

ఇంక ఆలోచించలేదు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, నడవ వెంట నడిచి, తెర ముందు అరుగెక్కేశాను. వెనకనుంచి "నాగేశ్వరీ! నాగేశ్వరీ!" అని మా వారి గొంతు వినబడుతూనే ఉంది.

"బాబూ, ఒక్క నిమిషం! కాగితాలు కింద పెట్టండి!"

"ఎవరక్కా నువ్వు?" అన్నారెవరో.

"ఈ పాటలో ఉన్నాను నేను. రెండో చరణం, మూడో కిటికీ. మా ఆయన ఇరవై నాలుగేళ్ళుగా నమ్మట్లేదు. అదిగో, ఆ ఎనిమిదో వరస, తెల్ల చొక్కా. ఇప్పుడు మీరంతా కాస్త కూర్చుంటే ఆయన చూస్తారు. అయ్యాక మీ ఇష్టం, హాలు పీకి పందిరెయ్యండి!"

హాలు మొత్తం ఎనిమిదో వరస వైపు తిరిగింది. మా వారు కర్చీఫుతో మొహం తుడుచుకున్నారు.

"బావా! ఏంది బావా గిట్ల చేస్తవా అక్కను?" అని బాల్కనీలోంచి ఒకడు.

"అక్కకి దారియ్యండ్రా! కూసోండ్రా అందరూ!" అని ఇంకొకడు.

కూర్చున్నారు. నమ్మండి, నమ్మకపొండి, అయిదారువందలమంది అభిమానులు చేతుల్లో కాగితాలు పట్టుకుని, సత్యనారాయణవ్రత కథ వింటున్నట్టు కూర్చున్నారు. నేను పరుగున వచ్చి మా వారి పక్కన పడ్డాను. లైట్లు ఆరాయి. పల్లవి. మొదటి చరణం. ఎవరూ దగ్గలేదు. బస్సు గట్టెక్కింది. మలుపు.

మూడో కిటికీ.

నెమలికంఠం రంగు ఓణీ, రెండు జడలు, నూనె మొహం. కుడి చెయ్యి బయటికి చాపి, ఊడిపోతుందా అన్నట్టు ఊపుతోంది. కళ్ళు సూటిగా కెమెరాలోకి, చూడొద్దని వందసార్లు చెప్పినా. కొత్తగా కడిగిన బొమ్మ కదా, నేనెవరికీ చెప్పనివి కూడా స్పష్టంగా కనబడ్డాయి. ఎడం చేతిలో సగం కొరికిన గారె. మిగతా సగం కుడి బుగ్గలో, నిమ్మకాయంత.

మూడు క్షణాలు.

తరవాత జరిగినదాన్ని చప్పుడు అనకూడదు. పైకప్పు రేకులు అదిరాయి. కాగితాలన్నీ ఈసారి తెర మీదికి కాదు, నా మీదికి వచ్చాయి. సురేంద్ర నా కాళ్ళకి దండం పెట్టి, "అక్కా, పద్నాలుగు సార్లు దండగ చేసినా!" అని ఏడ్చినంత పని చేశాడు. రసజ్ఞ ఫోనులో తీసింది. గెంతుతూ తీయడం వల్ల అందులో ఎక్కువగా మల్లయ్య భుజం పడింది.

"అమ్మా, నోట్లో ఏంటది?"

"గారె. టిఫిన్ పెడుతుండగానే షాట్ రెడీ అన్నారు."

"ఇన్నేళ్ళలో గారె సంగతి ఎప్పుడూ చెప్పలేదే?"

"నటి అన్నాక కొన్ని రహస్యాలుంటాయి."

మా వారు మాత్రం తెర వైపే చూస్తూ కూర్చున్నారు. కథ ముందుకి సాగిపోయింది, విలన్ వచ్చాడు, బస్సుకి నిప్పు పెట్టాడు. ఆయన అలాగే కూర్చున్నారు. నాకు గెలిచిన సంబరం ఒకపక్క, ఈయనకి మరీ చిన్నతనం అయిందేమోనన్న బెంగ ఇంకోపక్క.

ఇంటర్వెల్లో సమోసాల వరసలో నిలబడి, మా అపార్ట్‌మెంట్ జనమంతా చుట్టూ మూగి ఉండగా, ఆయన మాట ప్రకారం ఫోన్ తీశారు. స్పీకర్ పెట్టమన్నాడు సురేంద్ర. పెట్టారు.

"అక్కా, నేనే. ఒక సంగతి. అప్పట్లో పెళ్ళిచూపుల్లో నాగేశ్వరి సినిమాలో నటించానంది కదా. నేను జోకన్నాను. అది జోక్ కాదు. నిజమే. ఇప్పుడే చూశాను."

అవతల కుక్కర్ కూత వేసింది. కూత అయ్యాక వదినగారు నింపాదిగా అన్నారు. "నాకెందుకు తెలీదురా? ఆ సినిమా నేను కాకినాడలో మొదటివారమే చూశాను. ఆ గారె బుగ్గ మర్చిపోతానా? గుమ్మంలోంచి పళ్ళెం పట్టుకుని వస్తుంటేనే గుర్తుపట్టాను. ఒప్పుకుంటుందో లేదో చూద్దామనే కదా హాబీలు అడిగాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు జోకన్నావు, అమ్మ నవ్వింది, సంబంధం కుదిరింది. మధ్యలో నేనెందుకు నిజం చెప్పి చెడగొట్టడం? పైగా అడగ్గానే దాచకుండా చెప్పిన పిల్ల. అలాంటిది మళ్ళీ దొరుకుతుందా? సర్లే, పప్పు మాడుతోంది" అని పెట్టేశారు.

మా వారు ఫోను జేబులో పెట్టుకున్నారు. చేతిలో సమోసా నాకిచ్చారు. ఇచ్చి, జనంలోంచి అటెటో వెళ్ళిపోయారు. గంట మోగింది. అందరం లోపలికొచ్చి కూర్చున్నా ఆయన కుర్చీ ఖాళీగానే ఉంది. మెట్రో ఎక్కేసి ఇంటికెళ్ళిపోయారేమో అనుకున్నాను. ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉందన్న ధైర్యం ఒకటి.

లైట్లు ఆరాయి. తెర మీద తగలబడిన బస్సు రావాలి. రాలేదు. గోదావరి వచ్చింది. గట్టు వచ్చింది. చెక్కు చెదరని బస్సు గట్టెక్కుతోంది, రెండో చరణం.

"ఏందిరా మల్ల గిదే ఏసిండు?" అని ముందు వరసలో ఎవరో. అంతలోనే ఈలలు మొదలయ్యాయి.

చీకట్లో తడుముకుంటూ వచ్చి మా వారు నా పక్కన కూర్చున్నారు. మెట్లెక్కి దిగినట్టున్నారు, ఆయాసపడుతున్నారు.

"ఆపరేటర్ది మన కాకినాడేనట" అన్నారు.

"మళ్ళీ ఎందుకండీ? చూశారు కదా?"

"ఇందాక గారె చూసేసరికే అయిపోయింది" అన్నారు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "నిన్ను చూడలేదు. మాట్లాడకు, మలుపొస్తోంది."